ఆముదం పట్టించిన తోలు

1955 సెప్టెంబరు 2

తొమ్మిదో నంబరు బండి మళ్ళీ షెడ్డుకొచ్చింది. పరుగులో ఏ లోపమూ లేదు. నిలబడితేనే రోగం. ఇంజను ఒక్క తీరున తిరగదు. లేస్తుంది, పడుతుంది, ఆరిపోబోయి మళ్ళీ లేస్తుంది. డ్రైవరు హనుమన్న దిగి బానెట్టు మీద చెయ్యి పెట్టి, "ఉబ్బసం పట్టినట్టుండాది మేస్త్రీ. దిగేటోళ్ళు దిగేలోపల రెండు తూర్లు ఆరిపోతాండాది" అన్నాడు.

ఏడేళ్ళుగా ఈ బండి అతనిదే. డోన్ నుంచి బేతంచెర్ల, మధ్యలో కొండదారి కనుమ. కంపెనీలో ఇంత నెమ్మదిగా తోలేవాడు ఇంకొకడు లేడు. ఎద్దులబండి అడ్డమొస్తే ఎద్దులకే దారి ఇస్తాడని తక్కిన డ్రైవర్లు ఎగతాళి చేస్తారు.

చూస్తానన్నాను. యుద్ధంలో నాలుగేళ్ళు మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. ఈ డొక్కు బస్సు నాకొక లెక్కా.

సెప్టెంబరు 3

ఫిల్టర్లు కడిగాను. డీజిలు పైపుల్లో గాలి తీశాను. తగ్గలేదు.

సెప్టెంబరు 4

డీజిలు చిమ్మే నాజిళ్ళు ఆరూ విప్పాను. ఒకటి చిమ్మడం మానేసి కారుతోంది. మార్చాను. గంటసేపు బాగుంది, మళ్ళీ అదే ఊగుడు. బండి నిలబడినప్పటి వేగం పెంచే ఐడ్లింగు స్క్రూ అర చుట్టు బిగిస్తే ఆరిపోవడం తగ్గింది గాని ఊగడం తగ్గలేదు. స్క్రూ తిప్పడం వైద్యం కాదు, జ్వరమొచ్చినవాడికి దుప్పటి కప్పడం. అది తెలియని మెకానిక్కులు జిల్లా నిండా ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాదు.

సెప్టెంబరు 6

దొరికింది. డీజిలు పంపు వెనక డబ్బాలో ఉంది రోగం. ఓనరు రామకోటయ్య సెట్టిగారు షెడ్డుకొస్తే విప్పి చూపించాను. అరచేయంత తోలు బిళ్ళ. డ్రైవరు ఆక్సిలరేటరు మీంచి పాదం తీసినప్పుడు ఇంజను పీల్చే గాలి ఈ తోలును వెనక్కి లాగాలి, తోలు లాగితే డీజిలు తగ్గాలి. ఈ తోలు ఎండి అంచున సన్నగా పగిలింది. పగులులోంచి గాలి దూరుతోంది. అందుకే ఇంజనుకు ఎంత తాగాలో తెలియడం లేదు.

"కొత్తది మద్రాసు నుంచి రావాల. మూడు వారాలు పడ్తాది" అన్నాను.

"అన్నాళ్ళు బండి నిలపల్లంటావా?"

"నిలపల్ల."

సెట్టిగారు తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నారు. "ఆ లైనుకు నాకు వేరే బండి ల్యాదు. మూడు వారాలు ఆగిపోతే పర్మిట్టు ఇంకొకడు తన్నుకపోతాడు. మద్రాసుకు రాయి, వద్దనడంల్యా. అంతదంకా ఏదో ఒకటి చెయ్యి. నీ చేతిలో కానిది ఉంటాదా బసవరాజూ?"

ఆ చివరి మాట అనకపోతే బాగుండేది. ఆ మాటకే పడిపోతానని ఆయనకు తెలుసు.

సెప్టెంబరు 7

ఏసేపు దగ్గరికి వెళ్ళాను. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావులకు తోలు బానలు కుట్టడంలో డోన్ చుట్టుపక్కల అతనికి సాటి లేరు. పాత బిళ్ళ చూపిస్తే వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూసి, తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి ఊనిన మేకతోలు తీసి అచ్చం అదే కొలతకు కోసిచ్చాడు. ఎంత పల్చగా గీశాడంటే ఊదితే కదిలింది. తోలు మెత్తగా ఉండడానికి ఏం పట్టించాలో కూడా ఏదో చెప్పాడు. నాకు తెలియనిదా. మా నాయన కపిల తోలేవాడు. చిన్నప్పుడు వారానికోసారి బానకూ దాని కింది తోలు తొండానికీ ఆముదం పట్టించే పని నాదే. ఆ బాన పన్నెండేళ్ళు ఆడింది.

ఆముదం రెండు సార్లు పట్టించి, నీడన ఆరబెట్టి, బిగించాను.

సెప్టెంబరు 8

గ్లాసు నిండా నీళ్ళు పోసి బానెట్టు మీద పెట్టి ఇంజను ఆడించాను. నీళ్ళు తొణకలేదు.

హనుమన్న వంగి చూశాడు. "ఆడతాండాదా ల్యాదా అని అనుమానమొచ్చె మేస్త్రీ" అన్నాడు. తక్కిన డ్రైవర్లు కూడా వచ్చి చూసి వెళ్ళారు. సెట్టిగారు చూసి నవ్వారు. మద్రాసులో చేసే వస్తువును డోన్‌లో చేశాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 15

తొమ్మిదో నంబరు బాగుంది.

సెప్టెంబరు 19

హనుమన్న వచ్చాడు. పాదం తీసినా ఇంజను వేగం వెంటనే దిగడం లేదట. "కాసేపు అట్లే పోతాండాది మేస్త్రీ. అలిగినోని మాదిరి. మళ్ళ తనంతట తానే దిగుతాది. కనుమలో బయమైతాండాది."

షెడ్డులో ఆడించి చూశాను. ఒకసారి ఆలస్యంగా దిగింది, రెండుసార్లు సరిగానే దిగింది. స్క్రూ అర చుట్టు వదులు చేశాను.

"నీకు వయసైతాండాది హనుమన్నా. కాలు బరువెక్కింది. తీసినానని నువ్వనుకుంటాండావు, అది తీయడంల్యా" అన్నాను.

నవ్వాడు. "అయ్యుంటాదిలే" అన్నాడు.

సెప్టెంబరు 22

మళ్ళీ అదే మాట. డబ్బా విప్పడానికి నాలుగు బోల్టులు, అరగంట పని. రేపు చూస్తాను.

సెప్టెంబరు 23

తీరిక లేదు. సెట్టిగారి కారు పని.

సెప్టెంబరు 24

తొమ్మిదో నంబరు పొద్దున్నే లైనుకు వెళ్ళిపోయింది. నేనొచ్చేసరికి లేదు.

సెప్టెంబరు 26

కనుమలో.

సెప్టెంబరు 27

రాయాలి. మిలిటరీలో అది నేర్పారు. ఏం జరిగినా ఆ రోజే రాయమన్నారు. ఒక రోజు ఆలస్యమైంది.

నిన్న పొద్దున తొమ్మిది గంటలకు బండి కనుమ దిగుతోంది. నలభై మంది జనం. రెండో గేరులో ఉంది. మలుపు ముందు హనుమన్న పాదం తీశాడు. ఇంజను దిగలేదు, పైకి లేచింది. బ్రేకు తొక్కాడు. బ్రేకు ఒకవైపు పట్టుకుంటే ఇంజను ఇంకోవైపు తోసింది. క్లచ్చు నొక్కితే ఇంజను అరిచింది, బండి దాని బరువుకు అది జారింది. ఇంజను ఆపే తీగ లాగాడు. అప్పటికి మలుపు అయిపోయింది. మలుపు దాటాక చింతచెట్టు కింద బస్సు ఆగే చోటు. అక్కడ హులిగెమ్మ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంటుంది. రోజూ ఆ బండికోసమే కూర్చుంటుంది. బండి వస్తుంటే లేచి నిలబడిందట, అమ్ముకోవడానికి.

బస్సులో వాళ్ళకు దెబ్బలు తగిలాయి గాని ఎవరూ పోలేదు. హులిగెమ్మ అక్కడే పోయింది.

హనుమన్న దిగి ఆమె పక్కన కూర్చున్నాడని చెప్పారు. పోలీసులు వచ్చేదాకా లేవలేదట.

ఎన్నో కారణాలు ఉండొచ్చు. ఇంజన్లలో ఎన్నో ఉంటాయి. ఏసేపు తోలు సరిగా ఊనలేదేమో.

సెప్టెంబరు 28

పొద్దున మద్రాసు పార్సిలు రైల్లో వచ్చింది. కొత్త బిళ్ళ, కాగితంలో చుట్టి. జేబులో వేసుకున్నాను.

ఒక గంట తర్వాత సెట్టిగారు పిలిచారు. "రేపు మోటారు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి పరీక్ష చేస్తాడంట. నువ్వు కనుమకు పొయ్యి బండిని పోలీసు స్టేషనుకు తోలుకోనిరా. దారిలో ఆగిపోకుండా ఏమన్నా ఉంటే సరిచేసి తే." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నా జేబులో ఏముందో ఆయనకు తెలుసో లేదో నేను చెప్పలేను.

కనుమలో బండి దగ్గర కాపలా కానిస్టేబులు నీడన బీడీ కాలుస్తున్నాడు. పనిముట్లు తీస్తుంటే ఏమీ అడగలేదు. నాలుగు బోల్టులు విప్పాను. అరగంట కూడా పట్టలేదు. పావుగంట.

తోలు బిగుసుకుపోయింది. ఆముదం వేడికి ముదిరి, దుమ్ము పట్టి, బెల్లంపాకం మాదిరి జిగురై, తోలు డబ్బాకు అతుక్కుంది. వేలితో లాగితే విడిచింది. అంచున పగిలింది.

కొత్తది బిగించాను. ఇన్‌స్పెక్టరు చూసే బండి మంచి స్థితిలో ఉండడం మంచిదే కదా. రేపు వేరే డ్రైవరు దాన్ని తోలాలి. అతని ప్రాణం కూడా చూడాలి. అందుకే మార్చాను.

పాత తోలు ఈ పుస్తకంలో పెట్టాను. పారేయవచ్చు. పారేయలేదు.

సెప్టెంబరు 29

ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, సరిగా ఉన్నాయి. ఇంజను ఆడించాడు. గడియారం మాదిరి ఆడింది. "యంత్రములో లోపము లేదు" అని రాశాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఆ రోజు లోపం లేదు.

అక్టోబరు 4

హనుమన్న భార్య ఈరక్క షెడ్డుకొచ్చింది. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడింది. జామీనుకు సెట్టిగారు నిలబడనన్నారట.

"తాగి తోలినాడని రాస్తాండారన్నా. ఆయన కల్లు ముంత తాకి ఎన్నేండ్లాయనో నీకు తెల్దా? బండి సంగతి నువ్వు చెప్పల్ల. నీ మాట పోలీసోళ్ళు గూడ ఇంటారు."

చూస్తానక్కా అన్నాను. చూస్తాననే మాట నాకు బాగా అలవాటైంది.

అక్టోబరు 5

పని చేశాను.

అక్టోబరు 12

పని చేశాను. తొమ్మిదో నంబరు బాగుంది.

అక్టోబరు 20

సబ్ జైలుకు వెళ్ళాను. ఈరక్క రెండుసార్లు కబురు పంపింది, తప్పించుకోలేకపోయాను. హనుమన్న చిక్కిపోయాడు. గడ్డం తెల్లగా వచ్చింది, అది నల్లగా ఉండేదని నాకు గుర్తు.

అతను నన్నే ఏమైనా అంటాడని సిద్ధపడి వెళ్ళాను. చెప్పినా వినలేదు గదా అంటాడని. దానికి జవాబు కూడా తయారు చేసుకున్నాను.

"నువ్వు చెప్పిందే నిజం మేస్త్రీ" అన్నాడు. "నా కాలే. తీసినా అనుకున్న్యా, తీసిండను. నువ్వు చూసిన బండి గదా, దాంట్ల లోపం యాడ్నుంచి వస్తాది? ఇన్‌స్పెక్టరు గూడ అదే రాసినాడంట. ఈడ కూచోని దినామూ ఈ కాలిని చూస్తాండా. నాకు తెలీకనే తొక్కింది మేస్త్రీ. ఆ యమ్మ లేచి నిల్చుండె. గంప సర్దుకుంటాండె."

కుడికాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. నేను తయారు చేసుకున్న జవాబు పనికి రాలేదు. బెల్లం, పుట్నాలు ఇచ్చి వచ్చేశాను.

అక్టోబరు 21

ఎగతాళికి అన్నాను. ఆ మాట ఎగతాళికి అన్నాను.

నవంబరు 9

ఏసేపు బజారులో ఎదురుపడ్డాడు. దండం పెట్టాడు. నేను తలదించుకుని దాటిపోయాను. ఎదుటివాణ్ణి చూడలేక వాణ్ణి తిట్టుకోవడం ఎంత కాలం చేస్తాను. తోలు సరిగా ఊనలేదని సెప్టెంబరులో రాశాను, అది తప్పు. ఆ తోలు చాలా మంచి తోలు.

సెప్టెంబరు 7న ఏసేపు ఏం చెప్పాడో ఆ రోజు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"ఆముదం పెట్టొద్దు సామీ. ఆముదం బానకు సరిపోతాది, బాన నీళ్ళల్ల మునిగి లేస్తాంటాది. ఇది వేడిలో ఉండే తోలు. ఆముదం వేడికి జిగురైతాది, తోలు కట్టె మాదిరైతాది. పల్చని మిషను నూనె పెట్టు. వారానికొక తూరి తీసి చూడు."

చెప్పులు కుట్టేవాడు ఇంజను గురించి నాకు చెప్పేదా అనుకున్నాను. అదీ రాస్తున్నాను. అతను చెప్పింది ఇంజను గురించి కాదు, తోలు గురించి. తోలు అతని విద్య.

హనుమన్న చెప్పాడు, వినలేదు. ఏసేపు చెప్పాడు, వినలేదు. నా చెవికి ఇంజను చప్పుడులో ఏ తేడా ఉన్నా పట్టేస్తుందని జనం అంటారు.

డిసెంబరు 14

సాక్షిగా కోర్టుకు రమ్మని సమను వచ్చింది. జనవరి 12.

డిసెంబరు 15

సెట్టిగారు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాఫీ ఇవ్వడం ఇదే మొదలు.

"నువ్వు పెద్దగా చెప్పల్సింది ఏముండాది? బండి బాగుండె. అంతే గదా. లేనిపోంది నోట్లోంచి జారితే, ముందు ఏముండె, ఎప్పుడు మార్చినావు అని మొదలువెడ్తారు. పరీక్షకు ముందు మార్చినోన్ని వాళ్ళు ఇడ్సరు. నీ మంచికే చెప్తాండా."

అంటే ఆయనకు తెలుసు.

1956 జనవరి 8

జైలుకు వెళ్ళాను. ఈసారి ఎవరూ పిలవలేదు. తోలు కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళాను. కటకటాల సందులోంచి ఇచ్చాను.

అంతా చెప్పాను. ఆముదం, ఏసేపు మాట, నాలుగు బోల్టులు, పార్సిలు, కానిస్టేబులు బీడీ. హనుమన్న తోలును వంచి చూశాడు. వంగలేదు. పగిలిన అంచును వేలితో తడిమాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"అయితే నా కాలు గాదు" అన్నాడు.

"కాదు."

"తీసినా గదా? నేను పాదం తీసినా గదా?"

"తీసినావు హనుమన్నా."

కటకటాలకు తల ఆనించి ఏడ్చాడు. నెత్తి మీది మోపు దించినవాడి ఏడుపు అది. దాన్ని చూస్తూ నిలబడడానికి సిగ్గేసింది. మూడు నెలలకు పైగా ఈ మనిషి తన కాలిని తాను అనుమానిస్తూ గడిపాడు. ఒక్క మాట చెబితే పోయేది. ఆ ఒక్క మాట నా పుస్తకంలో పెట్టుకుని కూర్చున్నాను.

"కోర్టులో చెప్తావా?" అని అడిగాడు.

"చెప్తాను" అన్నాను.

"చాలు." తోలు తిరిగి ఇచ్చాడు. "జాగ్రత్తగ పెట్టుకో" అన్నాడు.

జనవరి 12

చెప్పలేదు.

జనవరి 13

బోనెక్కేదాకా చెప్పాలనే ఉంది. తోలు జేబులోనే ఉంది. మొదటి ప్రశ్న, బండి స్థితి ఎలా ఉండేది అని. సెట్టిగారు రెండో బెంచీలో ఉన్నారు. పోలీసు జవాను తలుపు దగ్గర ఉన్నాడు, నడుముకు బేడీలు వేలాడుతున్నాయి. ఆ బేడీలు చూశాను. చూశాక నా నోరు నా మాట వినలేదు.

"బాగుండేది" అన్నాను.

డ్రైవరు ఏమైనా ఫిర్యాదు చేశాడా అని అడిగారు.

"గుర్తు లేదు" అన్నాను.

నోరు వినలేదని రాయడం కూడా అబద్ధమే. నోరు నేను చెప్పినట్టే చెప్పింది. భయపడ్డాను. జైలుకు పోతానని భయపడ్డాను. అంతే.

సాక్షిని ఏమైనా అడుగుతావా అని మేజిస్ట్రేటు హనుమన్నను అడిగారు. అతను నావైపు చూశాడు. కోపంగా చూడలేదు.

"అడిగేదేం ల్యాదయ్యా. ఆయనకంతా తెలుసు" అన్నాడు.

గుమాస్తా అది రాసుకున్నాడో లేదో.

జనవరి 19

ఏడాదిన్నర కఠిన శిక్ష. చెప్పుకునేది ఉందా అంటే, "నా కాలు గాదయ్యా" అన్నాడట. ఎవరికీ అర్థం కాలేదట. కోర్టులో ఎవరో నవ్వారని కూడా చెప్పారు. నేను షెడ్డులో ఉన్నాను.

జనవరి 23

తొమ్మిదో నంబరుకు కొత్త డ్రైవరు. షెడ్డులో ఇంజను వదిలేసి టీకి వెళ్ళాడు. ఒక్క తీరున ఆడుతోంది. ఊగడం లేదు, ఆరడం లేదు. వినలేకపోయాను. వెళ్ళి ఆపేశాను.

ఫిబ్రవరి 2

మధ్యాహ్నం ఈరక్క వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది. కర్నూలులో ఒక వకీలు అప్పీలు వేస్తానన్నాడట. ముప్పై రోజుల లోపల వేయాలి. పద్నాలుగు అయిపోయాయి.

"రాసింది ఏదన్నా ఉంటే తెమ్మన్నాడన్నా. మాట చాలదంట. బండి చెడిపోయిందని ఆయన నీతో చెప్పింది మీ షెడ్డు పుస్తకంలో రాసింటావేమో, రోంత చూడు."

షెడ్డు పుస్తకం తీసి ఆమె ముందే తిప్పాను. సెప్టెంబరు 19 లేదు. 22 లేదు. ఆ రెండు రోజులూ అందులో నేను ఏమీ రాయలేదు.

"ల్యాదక్కా" అన్నాను.

ఆమె ఆ పుస్తకం వైపు చూసింది. చదువు రాదు. అయినా కొసదాకా చూసింది. "నువ్వు చూసినావు గదా, సరే" అని వెళ్ళిపోయింది. హనుమన్న కూడా నా మాటను ఇట్లాగే నమ్మేవాడు.

ఫిబ్రవరి 3

షెడ్డు పుస్తకంలో లేదు. ఇందులో ఉంది.

ఫిబ్రవరి 4

పొద్దున్నుంచీ మొదటి పుట నుంచి చదివాను. చాలా చోట్ల నన్ను బుజ్జగించుకోవడానికి నాకు నేనే కాఫీ పోసుకున్నాను, సెట్టిగారు పోసినట్టు. కొట్టేద్దామా అనిపించిన వాక్యాలున్నాయి. కొట్టేయలేదు. మిలిటరీలో అదొకటి కూడా నేర్పారు, రాసింది చెరపకూడదని.

ఈ పుస్తకం ఈరక్క చేతికి ఇస్తాను. ఆమెకే ఎందుకంటే, ఆమెకు చదువు రాదు కాబట్టి, ఇచ్చేటప్పుడు నా ముఖం చూస్తూ చదవదు కాబట్టి. నిన్న అదే నాకు ధైర్యంగా ఉండింది. అది దొంగ ధైర్యం. వకీలు చదువుతాడు. అది తెలిసే ఇస్తున్నాను. వాళ్ళు కోర్టులో పెడితే సెప్టెంబరు 28 నాటి సంగతికి నన్ను పట్టుకుంటారు. ఆ తలుపు దగ్గరి బేడీలు నాకు వేస్తారు. భయం పోయిందని రాయలేను, పోలేదు. 

బసవరాజు, మెకానిక్కు, డోన్. సంతకం పెడుతున్నాను. ఇంతవరకు నా పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు.

తోలు ఇందులోనే ఉంది. దాన్ని పెట్టిన చోట ఆముదం కాగితానికి పట్టి, ముందుకూ వెనక్కూ పాకింది. ఏసేపు మాట రాసిన పుటా, హనుమన్న పాదం తీశానన్న పుటా పసుపుగా తడిశాయి. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. అక్షరాలు చదవడానికి వస్తున్నాయి.